ఉప్పుగాలి, మైనం డబ్బా

విశాఖపట్నంలో ఇనుము బతకడం కష్టం. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళల్లో కిటికీ ఊచలు, గేటు బందులు, మంచం బోల్టులు ఏడాది తిరక్కుండానే ఎర్రబడిపోతాయి. వానలో తడవక్కర్లేదు. గాలిలో వచ్చే ఉప్పు ఇనుము మీద సన్నగా పేరుకుంటుంది, రాత్రి తేమని లాక్కుంటుంది, దాంతో తుప్పు మొదలవుతుంది. మా ఇల్లు పెదవాల్తేరులో, బీచ్ రోడ్డుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. అలాంటి చోట మా నాన్న ఏళ్ళ తరబడి వడ్రంగి సామాను పెట్టుకుని, ఒక్క ఉలి మీద కూడా మచ్చ పడనివ్వలేదు. ఒక రేకు డబ్బా నిండా తేనెమైనం ముద్ద, పాత లుంగీ చించిన గుడ్డ. ఆయన వాడింది ఆ రెండే.

నాన్న వృత్తికి వడ్రంగి కాదు, పోర్టులో డ్రాఫ్ట్స్‌మన్. ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి వెనక వరండాలోకి వెళ్ళారంటే మళ్ళీ భోజనానికి అమ్మ పిలవాల్సిందే. ఆయన టేకు పెట్టెలో వరసగా ఉలులు, రెండు రంపాలు, ఒక బాడిస, బరమా, సానరాయి, చెక్క చిత్రిక ఒకటి, షెఫీల్డులో తయారైన ఇనప చిత్రిక ఒకటి ఉండేవి. ఆ ఇనప చిత్రిక పాత సామాన్ల కొట్లో దొరికిందట. నా చిన్నప్పుడు ఆ పెట్టె మూత తీస్తే తేనె, టర్పెంటాయిల్ కలిసిన వాసన గుప్పున వచ్చేది. పని అయ్యాక ప్రతి పనిముట్టునీ పొడిగుడ్డతో తుడిచి, మైనం రాసి, మళ్ళీ తుడిచి లోపల పెట్టేవారు. ఆ రాయడం, తుడవడం పనిలో భాగమేనని ఆయన లెక్క. సగం పని చేసి లేచిపోవడం ఆయనకి గిట్టేది కాదు.

ఆ ముద్ద నాన్నకి ఇచ్చేది మేస్త్రి గారు. షిప్‌యార్డులో వడ్రంగిగా చేసి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్న కూడా అక్కడే చేశారు. 1948లో నెహ్రూ గారు వచ్చి ‘జల ఉష’ని నీళ్ళలోకి వదిలిన రోజున వాళ్ళ నాన్న భుజాలమీద కూర్చుని చూశానని మేస్త్రి గారు చెప్పేవారు. ఆయన పనిచేసింది మోల్డ్ లాఫ్టులో. ఓడ గీతల్ని నేలమీద నిజమైన కొలతల్లో గీసి, వాటికి సరిపోయే చెక్క అచ్చులు కోసే చోటు అది. అక్కడ రంపం గీత మీదే నడవాలి, చిత్రిక ఆగకుండా సాగాలి. రంపపు రేకుకి రెండు పక్కలా మైనం రాయకుండా కోత మొదలుపెట్టేవాళ్ళం కాదని చెప్పారు ఒకసారి. రేకు చెక్కలో ఇరుక్కుంటే చెయ్యి బలం పెడుతుంది, బలం పెడితే గీత తప్పుతుంది. మైనం రాసిన రేకు తన బరువుతోనే దిగుతుంది.

నాన్న పోయాక ఆ పెట్టె వరండా పక్క గదిలో అలాగే ఉండిపోయింది. అప్పుడప్పుడు మూత తీసి చూసేదాన్ని, అంతే. 2014 అక్టోబర్ 12 దాకా.

ఆ రోజు ఆదివారం. హుద్‌హుద్ వస్తోందని ముందే తెలుసు. రేడియో చెప్పింది, కలెక్టరు చెప్పారు, బీచ్ రోడ్డు ఖాళీ చేయించారు. అయినా అంత గాలి నా జన్మలో వినలేదు. గంటకి 180 కిలోమీటర్లు అని తర్వాత పేపర్లలో చదివాం. లోపల కూర్చున్నవాళ్ళకి మాత్రం అది అంకె కాదు, గోడలు వణకడం. వాన పైనుంచి పడలేదు, అడ్డంగా వచ్చింది. వరండా పక్క గదిలో కిటికీ చట్రంతో సహా ఊడి లోపల పడింది. మధ్యాహ్నం కాసేపు అంతా ఆగిపోయింది. తుఫాను కన్ను మా మీద ఉందన్నమాట. పక్కింటివాళ్ళు బయటికి కూడా వచ్చారు. తర్వాత గాలి అవతలి దిక్కునుంచి మొదలైంది, అప్పటిదాకా నిలిచిన చెట్లు కూడా అప్పుడు పడ్డాయి. సాయంత్రానికి మా వీధిలో పచ్చదనం అన్నది లేదు. మిగిలిన ఆకులు కూడా ఉప్పునీటికి మాడి రెండ్రోజుల్లో గోధుమరంగుకి తిరిగాయి.

కరెంటు లేదు, ఫోన్లు లేవు, కుళాయి రాదు. పాల ప్యాకెట్ల కోసం వరసలు. ఆ గొడవలో పెట్టె సంగతి ఎవరికి గుర్తుంటుంది? మేస్త్రి గారికి గుర్తుంది. రోడ్డుకి అడ్డంగా పడిన చెట్ల మీంచి సైకిలు ఎత్తుకుంటూ వచ్చారు, ఆ వయసులో. గుమ్మంలోనే నిలబడి, "పిల్లలు బాగున్నారా తల్లీ?" అని అడిగారు. బాగున్నారని చెప్పాక, "నాన్నగారి పెట్టేదీ?" అన్నారు.

మూత తీస్తే అడుగున చారెడు నీళ్ళు. ఇనప చిత్రిక బుగ్గలు కమలాపండు రంగుకి వచ్చేశాయి. ఉలుల మీద చుక్కలు చుక్కలుగా తుప్పు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఒక్కొక్కటీ తీసి, తిప్పి చూసి, నేలమీద గోనెసంచి పరిచి పేర్చారు. మొదట అడిగింది మంచినీళ్ళు. తాగడానికే ట్యాంకరు కోసం నిలబడుతున్న రోజులవి. అయినా పక్కింటివాళ్ళ బోరింగు పంపు కొట్టి రెండు బకెట్లు తెచ్చాను. "ఉప్పు కడగకండా ఏటి రాసినా లాభం నేదమ్మా. పైన మైనం, కింద ఉప్పు. లోపల్లోపలే తినేత్తాది," అన్నారు. ఈ ఒక్క మాట తెలియక ఆ తుఫాను తర్వాత ఎంతమంది మోటార్ల మీద, కుట్టుమిషన్ల మీద నేరుగా నూనె పోసి పాడుచేసుకున్నారో చూశాను.

కడిగి, వెంటనే తుడిచి, ఎండలో పెట్టారు. ఇనుము వేడెక్కి, కీళ్ళ సందుల్లో తడి కూడా పోయాక కిరసనాయిలు, మెత్తటి ఇటికపొడి కలిపి గుడ్డతో రుద్దారు. పైపై తుప్పు వచ్చేసింది. లోపలికి దిగిన చోట చిన్న గుంటలు మిగిలాయి, అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆ వేడి ఇనుము మీదే ఆయన సంచిలోంచి తీసిన డబ్బాలో మిగిలిన కాస్త మైనం రాశారు. వేడికి అది కరిగి, ఒక్క క్షణం తడిగా మెరిసి, చల్లారాక కనపడకుండా పోయింది. వేలితో ముట్టుకుంటే జిగురు లేదు, జారుడు మాత్రం ఉంది.

ఇనుముకి అక్కడితో తెరిపిన పడ్డాం. చెక్క సామాను సంగతి వేరు. ముందుగదిలో మా తాతగారి జిట్రేగి బల్ల ఉండేది. దానికి ఎప్పుడో చపడా పాలిష్ వేయించారు. నీళ్ళు నిలిచిన చోటల్లా ఆ పాలిష్ పాలలా తెల్లబడి పొక్కులు లేచింది. పడక కుర్చీ టేకుది, పాలిష్ లేదు, నాన్న దానికి కూడా మైనమే రాసేవారు. అదీ తడిసింది, రంగు మాసింది, కానీ ఊడిపోవడానికి దానిమీద పొర ఏదీ లేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు అర్థమైన సంగతి ఒకటుంది, తర్వాతి ఏళ్ళలో అది మరింత గట్టిపడింది. మైనం బలమైన కాపలా కాదు. నీటి ఆవిరిని పూర్తిగా ఆపదు, వేడి టీ గ్లాసు పెడితే గుండ్రటి మచ్చ పడుతుంది. కానీ అది పాడైతే ఎవరైనా బాగుచేసుకోవచ్చు. గుడ్డ, డబ్బా ఉంటే చాలు. పాలిష్‌వాణ్ణి పిలవక్కర్లేదు, గీకక్కర్లేదు. గట్టి పూతలు ఏళ్ళ తరబడి కాపాడతాయి, నిజమే. పగిలిన రోజున మాత్రం మొత్తం గీకి మళ్ళీ మొదటికి రావాలి. ఉప్పుగాలి ఊళ్ళో ఎప్పుడో ఒకప్పుడు ఆ రోజు వస్తుంది.

బల్లని ఎండలో పెట్టనివ్వలేదు మేస్త్రి గారు. తడిసిన పలక ఒకవైపే ఆరితే వంకరపోతుంది. నీడలో, నాలుగు మూలలా చెక్కముక్కలు పెట్టి, కిందనుంచి గాలి ఆడేలా నిలిపారు. చలికాలం అంతా అలాగే ఉంది. వెనకే వచ్చిన దీపావళికి దీపాలు గచ్చుమీదే పెట్టుకున్నాం. తర్వాత స్పిరిట్‌తో చపడా అంతా తీసేసి, సన్న ఉప్పుకాగితంతో నారవెంటే రుద్దారు. ఊదారంగు చారలతో కిందనుంచి లేచిన ఆ చెక్క అందం నేను అంతవరకూ చూడనే లేదు. ఈ ఊళ్ళోనే 18వ శతాబ్దంలో జిట్రేగి పెట్టెలకీ బల్లలకీ దంతం పొదిగి, దానిమీద గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపి ఓడలకెక్కించేవారు. ఆ సామాను ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇక్కడివాళ్ళలో ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

ఇక మైనం కావాలి. బజారులో మైనం పేరుతో కొన్న బిళ్ళ ఆయన చేతిలో పెడితే, గోటితో గీరి, కాస్త నోట్లో వేసుకుని నమిలి, ఉమ్మేశారు. పారఫిన్ కలిసింది. అసలు తేనెమైనం విరిస్తే లోపల గరుగ్గా, రవ్వరవ్వగా కనిపిస్తుంది. చేత్తో పిసికితే మెత్తబడుతుంది, తేనె వాసన వస్తుంది. పారఫిన్ విరుపు నున్నగా ఉంటుంది, వేళ్ళకి జిడ్డు తగులుతుంది. పారఫిన్ పనికిరాదని కాదు, సొరుగులు జారడానికి కొవ్వొత్తి ముక్క రుద్దితే చాలు. కానీ బల్లకి రాస్తే నిలవదు, మసకబారుతుంది. "మన కొండలమీద ఈగలుండగా ఇదేటి కర్మ?" అన్నారు.

అలా మరుసటి ఏడాది వేసవిలో, తేనె తీసే రోజుల్లో, పాడేరు వెళ్ళాం. దారి పొడుగునా కాఫీతోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు కూలి పడి ఉన్నాయి, తుఫాను అక్కడిదాకా వచ్చిందని కళ్ళారా చూశాను. సంతలో అడగ్గా అడగ్గా ఒక కొండదొర తాత దొరికాడు. పెద్ద తేనెటీగల పట్లు కోసే మనిషి. ఆ ఈగ తొర్రల్లో, పెట్టెల్లో ఉండదు. ఎత్తయిన చెట్టు కొమ్మకో, రాతి చరియకో ఒకే ఒక్క పెద్ద పట్టు వేలాడదీస్తుంది, మీటరు వెడల్పు ఉన్నవి కూడా ఉంటాయి. మన దేశంలో దొరికే మైనంలో ఎక్కువ భాగం వాటిదే. తేనె అయితే గిరిజన సహకార సంస్థవాళ్ళు కొంటారు. 1956 నుంచీ ఉన్న సంస్థ అది. పిండేసిన పట్టుని ఏం చేస్తావని అడిగితే, తాత బుట్ట అడుగునుంచి నల్లటి ఉండలు తీసి చూపించాడు. "ఈ ఏడు తక్కువమ్మా. పెద్ద చెట్లు పోనాయి కదా, ఈగలెక్కడ కట్టుకుంటాయి?" అన్నాడు.

మైనం ఎంత కష్టపు సొత్తో అప్పుడు మేస్త్రి గారు చెప్పలేదు, నేనే తర్వాత చదువుకున్నాను. పుట్టి రెండు వారాలైన కూలి ఈగల పొట్ట కింద గ్రంథుల నుంచి సన్నటి పొలుసులుగా వస్తుంది అది. కిలో మైనానికి అవి ఎన్నో కిలోల తేనె తినాలి. తాత అడిగిన ధరకి మేస్త్రి గారు బేరం ఆడలేదు, నన్నూ ఆడనివ్వలేదు.

ఇంటికి తెచ్చాక శుద్ధి. స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, ఉండలు వేసి, సన్నసెగ మీద కరిగించాం. ఇనప మూకుడు వద్దన్నారు, మైనం నల్లబడుతుందని. పాత చీర గుడ్డలో వడగట్టి, చల్లారనిస్తే, నీటికన్నా తేలిక కాబట్టి మైనం పైన బిళ్ళలా తేలింది, మట్టీ మశానం అడుగున చేరింది. బిళ్ళ తిప్పి, కిందవైపు అంటిన మడ్డిని చాకుతో గీకేశాం. ఇంకోసారి అదే పని. రెండోసారికి పసుపురంగు తేలింది, ఇల్లంతా తేనె వాసన.

పాళ్ళు చెబుతాను. మైనం ఒక వంతు, టర్పెంటాయిల్ రెండు వంతులు, తూకం లెక్కన. బల్లలు, కుర్చీలకైతే అందులో కాస్త డబుల్ బాయిల్డ్ అవిసె నూనె. పనిముట్లకి నూనె వద్దు, టర్పెంటాయిల్ కూడా తగ్గించాలి, ముద్ద గట్టిగా ఉండాలి. పెయింటు కొట్లలో టర్పెంటాయిల్ అని ఇచ్చేది చాలాచోట్ల పెట్రోలియం నుంచి తీసింది. అసలుది హిమాలయాల దిగువన పెరిగే చీర్ పైన్ చెట్ల బంక నుంచి వస్తుంది. రెంటిలోనూ మైనం కరుగుతుంది, వాసనలోనే తేడా. నాకు చెట్టుదే ఇష్టం.

మైనం తురిమి చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో పెట్టాలి. 62, 63 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నేరుగా మంటమీద పెడితే పొగ వచ్చేదాకా మనకి తెలియదు, కింద నీళ్ళుంటే వంద దాటదు. ఇక్కడి నుంచి మేస్త్రి గారు నా మాట వినలేదు. స్టవ్ ఆర్పించారు. సిలిండరు కట్టించారు. దేవుడి దగ్గర దీపం కొండెక్కిందో లేదో చూసి రమ్మన్నారు. రెండు గిన్నెలూ పెరట్లోకి మోయించారు. అప్పుడు టర్పెంటాయిల్ సీసా మూత తీశారు. దాని ఆవిరి 35 డిగ్రీల దగ్గరే నిప్పురవ్వకి అంటుకోగలదు. మన మే నెల ఎండే అంత ఉంటుంది. చల్లటి టర్పెంటాయిల్ తగలగానే మైనం కాస్త ఉండకట్టింది, కింది నీళ్ళ వేడికి మళ్ళీ విడిపోయింది. పుల్లతో కలుపుతూనే ఉన్నాను. డబ్బాలో పోసి, కదపకుండా వదిలేస్తే సాయంత్రానికి పేరిన నెయ్యిలా నిలబడింది.

రాయడం దగ్గర అందరూ ఎక్కువ రాస్తారు. ఆయన గుడ్డకి అంటీ అంటనట్టు తీసి, బల్ల మీద గుండ్రంగా రుద్దుకుంటూ పోయి, ఆఖర్న నారవెంట లాగారు. "ఉందో నేదో తెలీకండా ఉండాల. కనపడితే ఎక్కువైనట్టే." మందంగా రాసింది ఆరదు, జిగురుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. పైన మసకలా కమ్మేదాకా, అరగంట, ఆగి, పొడిగుడ్డతో బాగా రుద్దాలి. మెరుపు వచ్చేది ఆ రుద్దుడుతోనే.

పని అయ్యాక నూనె కలిసిన ముద్ద అంటిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఒక్కొక్క గుడ్డనీ విప్పి, బట్టలారేసే తాడు మీద ఒకదానికొకటి తగలకుండా పరిచారు. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిని తీసుకుని వేడి పుట్టిస్తుంది. ఉండలో ఆ వేడి బయటికి పోదు, చివరికి దానంతట అదే రాజుకుంటుంది. షిప్‌యార్డులో అలాంటి గుడ్డల్ని నీళ్ళ డ్రమ్ములోనే వేసేవాళ్ళమని చెప్పారు. ఇంట్లో ఈ ముద్ద చేసుకునేవాళ్ళు పాళ్ళు మరిచిపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం మరవకూడదు.

మర్నాడు మేస్త్రి గారు నాన్న ఇనప చిత్రికని నా చేతికిచ్చారు. ముందు మైనం లేకుండా టేకు ముక్క మీద తోయించారు. సాగుతోంది, కానీ భుజం బరువు పెట్టాల్సి వస్తోంది. తర్వాత అడుగున మైనంతో రెండు వంకరగీతలు గీసి, గుడ్డతో ఒకసారి తుడిచి ఇచ్చారు. అదే ముక్క, అదే ఉలి పదును. ఈసారి చిత్రిక నా చేతికన్నా ముందే వెళ్ళింది. కీచుమనే మోత పోయి, సుయ్యిమని ఒకటే రాపిడి, ఉల్లిపొర మందాన చుట్టలు చుట్టలుగా పైకి లేచింది పొట్టు. నాన్న ఆదివారాల్లో వరండాలోంచి వినపడే చప్పుడు అది.

తుడవకుండా వాడకూడదని మాత్రం హెచ్చరించారు. అడుగున ఉన్న మైనం చెక్కకి అంటితే, అక్కడ జిగురు పట్టదు, పూత నిలవదు. అందుకే అతుకు వేసే అంచుల దగ్గర ఆయన రాయనే రాయరు.

మిగిలిన శుద్ధి మైనం ఒక బిళ్ళ బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్ళింది. మేస్త్రి గారి చుట్టం ఒకాయన వీణలు చేస్తాడు. ఒకే పనస దుంగలోంచి చెక్కే వీణకి, దండిమీద 24 మెట్లనీ నిలిపేది మైనం మీదే. మైనంలో నల్లపొడి కలిపి, వేడిచేసి, దండికి రెండుపక్కలా గట్టులా పోసి, స్వరం వింటూ ఒక్కో మెట్టునీ అందులో కూర్చోబెడతారు. చెవికి కాస్త తేడా వినిపిస్తే, వేడిచేసి జరుపుతారు. పాడేరు ఈగల మైనం సరైనదేనని అక్కడినుంచి కబురొచ్చింది. మేస్త్రి గారు ఆ కబురు ఊరంతా చెప్పుకున్నారు.

మేస్త్రి గారి కొడుకు గాజువాకలో మాడ్యులర్ కిచెన్లు చేస్తాడు. ప్లైవుడ్డు, లామినేటు, కరెంటు రంపం. మైనం మాటెత్తితే, "మా నాన్న కాలం పని అక్కా అది," అనేవాడు. కిందటేడు వానల్లో వచ్చాడు. రంపపు మిషను ఇనప బల్ల తుప్పుపట్టి షీట్లు ముందుకి జారడం లేదట. బజారులో దొరికే స్ప్రే కొట్టి చూశాడు, అందులో సిలికాన్ ఉంది, అది చెక్కకి అంటి పెయింటు గుంటలు గుంటలుగా విడిపోయింది. పనిముట్లకి రాసే మైనం డబ్బా ఒకటి ఇచ్చాను. ముందు ఉప్పు తుడవమని, ఎండ తగిలాక రాయమని, రాసింది రాసినట్టు వదిలెయ్యకుండా బాగా రుద్దమని చెప్పాను. నెల తిరక్కుండా ఖాళీ డబ్బా పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇంకా గట్టిగా చెయ్యాలట, వానాకాలం కాబట్టి వారానికొకసారి రాస్తున్నాడట. ఇప్పుడు నేను ముద్ద చేసేటప్పుడు మూడు డబ్బాలు పెట్టుకుంటాను, కుర్చీలకొకటి, చేతి పనిముట్లకొకటి, గాజువాక మిషనుకొకటి.